తినగ తినగ వేము: "తియ్యనుండు"నా, "తియ్యగుండు"నా?

కదిరి మల్లె:
జనవరి 19న వేమన జయంతికి కటారుపల్లె వెళ్లాను. అక్కడి వేమన సమాధి దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీద "అనగననగ రాగ మతిశయిల్లుచునుండు / తినగ తినగ వేము తియ్యనుండు / సాధనమున పనులు సమకూరు ధరలోన / విశ్వదాభిరామ వినుర వేమ" అని పెద్ద అక్షరాల్లో ఉంది. సరిగ్గా దాని కింద కూర్చుని ఓ పెద్దాయన తంబుర మీటుతూ అదే పద్యం అందుకున్నారు. ఆయన నోట మాత్రం "తియ్యగుండు" అని వచ్చింది. పొరపాటున దొర్లింది కాదు, పాదాన్ని తిప్పి తిప్పి పాడినప్పుడల్లా ఆ "గు" మీదే ఊనిక. మా జేజి కూడా అలాగే అనేదని లీలగా గుర్తు. బడిలో మాత్రం "న" అనే నేర్పారు. ఈ ఒక్క అక్షరం అప్పట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. ఏది అసలుది?

ఆటవెలది:
గణాలతో తేలదండీ. "నుండు" అన్నా "గుండు" అన్నా హగణమే (గురువు, లఘువు), యతికీ (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) ఢోకా లేదు. కొందరు "తియ్యగనుండు" అని రాస్తారే, అది మాత్రం నిలవదు. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే (హగణం లేదా మూడు లఘువుల నగణం), ఆ అదనపు అక్షరానికి చోటెక్కడ? ఇక మిగిలింది వ్యాకరణం. "తియ్యగ" ద్రుతాంతం, అంటే చివర "న్" (ద్రుతం) ఉన్న మాట, అచ్చు ముందు ఆ నకారం రావాల్సిందే. వచ్చిందా, గణం చెడింది. "తియ్యన" అనుకుంటే అకారసంధితో హాయిగా "తియ్యనుండు". నా ఓటు "న"కే.

చిత్రావతి గట్టు:
"అత్తునకు సంధి బహుళంబుగా నగు" అని అకారసంధికి సూత్రం చెప్పిన చిన్నయసూరి 19వ శతాబ్దపు వ్యాకరణ పండితుడు. ఆ కొలబద్దతో వేమనను కొలవడం నాకు నచ్చదు. మా సీమలో ఎవరైనా "తియ్యగుంది" అంటారు. "తియ్యన ఉంది" అని ఇంతవరకూ వినలేదు. నా అనుమానం ఏమిటంటే, జనం నోట ఉన్న "గు"ని తాటాకు మీదికి ఎక్కించేటప్పుడు చదువుకున్న వ్రాయసకాడు "న"గా దిద్దేశాడు. ఆ పెద్దాయన పాడిందే పాత పాఠం, అంటే పద్యం పాత రూపం.

ఆటవెలది:
సూరి కంటే ముందు తెలుగులో ద్రుతం లేదా చిత్రావతి గారూ? సూత్రం ఆయనది, భాష అంతకు ముందుది. అదే పద్యం ఎత్తుగడ చూడండి. అనగన్ + అనగ, "అనగననగ". మొదటి పాదంలో ద్రుతాన్ని అంత శుభ్రంగా నిలబెట్టిన కవి రెండో పాదానికి వచ్చేసరికి వదిలేశాడంటే నమ్మలేను.

చిత్రావతి గట్టు:
మరి పిల్లలకు కథ ఎలా మొదలుపెడతాం? "అనగనగా ఒక రాజు". అక్కడ నకారం ఏమైంది? జనం నోట అది ఎప్పుడో జారిపోయింది. పద్యం మొదట్లో నకారం లేకపోతే గణం పడదు కాబట్టి ఉంచాడు, రెండో పాదంలో ఉంటే గణం పడదు కాబట్టి తీసేశాడు. నోటితో పద్యం కట్టేవాడు చేసే పని అదే. పైగా "సజ్జనుండు పల్కు చల్లగాను" అన్నదీ ఆయనే. అక్కడ "చల్లన" అనలేదు, గమనించండి.

ఆటవెలది:
గమనించాను. "గాను"లో ఆ చివరి "ను" ఏమిటనుకున్నారు? ద్రుతమే.

తాళపత్రం:
మీ ఇద్దరికీ ఒక మాట. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేసేనాటికే ప్రతికో పాఠం ఉంది. ఆయన ఎన్నో రాతప్రతులు తెప్పించుకుని, పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాల్సి వచ్చింది. తరాల తరబడి నోళ్లలో బతికిన కవికి అసలు పాఠం ఒకటే ఉండాలనుకోవడం దగ్గరే నాకు పేచీ. "వినుర వేమ" అనేవాళ్లున్నారు, "వినర వేమ" అనేవాళ్లున్నారు. రెండూ నగణాలే. దాని మీద ఎవరూ కత్తులు దూయలేదు. నాకు వేమన పిచ్చి పట్టించింది 1928లో అనంతపురంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఇచ్చిన ఉపన్యాసాలు. అవి చదివాక కూడా వేమనను ఒక్క పాఠానికి కట్టేయాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

బళ్లారి తెలుగు:
కర్ణాటకలోనూ జనవరి 19 వేమన జయంతే, ప్రభుత్వమే జరుపుతుంది. మా ఊళ్లో ఆరోజు ఈ పద్యం కన్నడంలో వింటాం. కన్నడంలో వేప "బేవు". అలా విన్నప్పుడే నాకొకటి తట్టింది. తెలుగులో రెండో పాదంలో "వేము", నాలుగో పాదం చివర "వేమ". చేదుగా ఉండే తన మాటల గురించే కవి చెబుతున్నాడని నా నమ్మకం. మొదట నాలుకకు చేదు, నమిలేకొద్దీ తీపి. కన్నడంలో "బేవు" అనగానే "వేము", "వేమ"ల ఆ జోడీ తెగిపోతుంది.

ఆటవెలది:
బాగుంది కానీ ఒప్పుకోలేను. ఆ మకుటం వందల పద్యాల చివర ఉంది. ఈ ఒక్క దాని కోసం పెట్టింది కాదు కదా.

బళ్లారి తెలుగు:
మకుటం ముందే ఉంది కాబట్టే ఇక్కడ చెట్టు పేరు దానికి కలిసింది అంటున్నాను. "వేప" అన్నా గణం సరిపోతుంది. వేప, వేము రెండూ గురులఘువులే. అయినా "వేము" అనే అన్నాడు.

కదిరి మల్లె:
ఇంతకీ "గు"నా, "న"నా అండీ?

సరళీ వరుస:
అది అలా ఉండనివ్వండి, నాకు మొదటి పాదమే ముఖ్యం. "రాగము" అంటే అనురాగమని ఈమధ్య కొందరు అర్థం చెబుతున్నారు. పాట అయితే "పాడగ" అనాలి, "అనగ" అన్నాడు కాబట్టి ప్రేమే అని వాళ్ల వాదన. నేను పిల్లలకు సంగీతం చెబుతాను. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మొదలుపెట్టిన పిల్లకు మొదట్లో రిషభం ("రి" స్వరం) ఎక్కడ నిలపాలో తెలియదు. అంటూ అంటూ ఉండగా ఒకరోజు రాగం దానంతటది పలుకుతుంది. మూడో పాదంలో "సాధనమున" అన్న మాట ఉండగా ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది?

ఆటవెలది:
"పాడ పాడ రాగ మతిశయిల్లుచునుండు" అన్నా గణాలకు లోటు లేదు. "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్న కవికి ఆ నుడి కొత్తా కాదు. కానీ యతి పోతుంది. "రాగము + అతిశయిల్లు"లోని "అ"తో కలవాలంటే పాదం అచ్చుతో మొదలవ్వాలి. అందుకే "అనగ". అనురాగం వాదన అక్కడే వీగిపోతుంది.

చిత్రావతి గట్టు:
యతి కోసమే "అనగ" అన్నాడంటే నేను ఒప్పుకోను. మా వైపు భజనలో ఒకరు ఒక చరణం అంటే గుంపంతా దాన్నే మళ్లీ అంటుంది. అనగ, మళ్లీ అనగ. నాలుగోసారికో అయిదోసారికో గొంతులన్నీ ఒక శ్రుతిలోకి వస్తాయి. ఆ అనుభవం ఉన్నవాడు రాసిన పాదం అది. యతి దానంతటదే కుదిరింది.

సరళీ వరుస:
అలాగైతే రాగం సంగీతమేనని మీరూ ఒప్పుకున్నట్టే కదా?

చిత్రావతి గట్టు:
సంగీతమే. "గు" సంగతి మాత్రం వదలను.