'బిరడా బాయ్‌నెట్' అనవచ్చా?

ప్రశ్న: 17వ శతాబ్దం చివరి యూరప్ పదాతిదళాల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. తుపాకి మూతికి అమర్చే బాకు, అంటే బాయ్‌నెట్, రెండు రకాలట: తుపాకి గొట్టంలోకి దోపేది ఒకటి, గొట్టానికి పైనుంచి తొడిగేది ఇంకొకటి. రెండింటినీ 'తుపాకి బాకు' అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ఆ తేడాలోనే వ్యాసం ప్రాణమంతా ఉంది. మొదటిదానికి 'బిరడా బాయ్‌నెట్' అనండి, చక్కగా అతుకుతుంది. సీసాకు బిరడాలా దాని పిడిని గొట్టంలోకి దిగ్గొట్టేవారు. ఇక తుపాకి పేలదు. 1689 జూలై 27న స్కాట్లండ్‌లోని కిల్లీక్రాంకీలో ప్రభుత్వ సేనాని జనరల్ హ్యూ మకై సైనికులు ఒక విడత కాల్చారు. బిరడాలు బిగించుకునేలోపే హైలాండర్లు, అంటే స్కాట్లండ్ కొండసీమ యోధులు, కత్తులు దూసి కొండవాలు మీంచి వచ్చిపడ్డారు. మకై సేన చెదిరిపోయింది. ఆ తర్వాత, గొట్టానికి పైనుంచి బిగించే పద్ధతిని మకై స్వయంగా చేయించాడు.

రెండోది 'తొడుగు బాయ్‌నెట్'. తొడిగి తిప్పి బిగిస్తే గుండు దారికి అడ్డు రాదు. ఫ్రాన్సులో కోటల నిపుణుడు వోబాన్ 1680ల చివర్లో దీనికోసం గట్టిగా పట్టుబట్టాడు. అంతకుముందు తుపాకులవాళ్ల మీదికి రౌతులు దూకకుండా, సుమారు 16 అడుగుల బల్లేలతో వేరే మనుషులు కాపు కాయాల్సి వచ్చేది. తొడుగు వచ్చాక ఒక్కడే ఆ రెండు పనులూ చేయగలిగాడు. 1703లో ఫ్రాన్సు బల్లేలను పక్కన పెట్టేసింది. అందుకే 'బల్లెం' అనే మాటను బాయ్‌నెట్‌కు వాడకండి, ఆ పొడుగు ఆయుధానికే ఉంచండి.

ప్రశ్న: మరి మూలంలో తుపాకులు కూడా రెండు రకాలున్నాయే?

జవాబు: అవి 'వత్తి తుపాకి', 'చెకుముకి తుపాకి'. రెండోది చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలుతుంది. మొదటిదానికి మండే వత్తి కావాలి. ఆ వత్తి వానకు ఆరిపోతుంది, చీకట్లో శత్రువుకు కనపడుతుంది, పక్కవాడి తుపాకిమందుకు అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే మనుషులు ఎడంగా నిలబడేవారు. ఫిరంగుల దగ్గర మందు పీపాలుంటాయి గనక, వాటి కాపలాకు 1671లో ఏర్పడిన ఫ్రెంచి రెజిమెంటుకు చెకుముకి తుపాకులిచ్చారు. వత్తి పోయాక వరసలు దగ్గరయ్యాయి, కాల్పుల జోరూ పెరిగింది.

ఇంకొకరు: హిందీ, ఉర్దూల్లో లాగా 'సంగీన్' అనొచ్చుగా?

జవాబు: అనొచ్చు. కానీ ఈ వ్యాసానికి బాయ్‌నెట్టే నయం. ఫ్రాన్సులోని బయాన్ ఊరి పేరు నుంచి వచ్చిందని సాధారణంగా చెప్పే మాట అది; ఆ ఊరి ఆనవాలు ఉండనివ్వండి.