ఒకే నవల చదివి రెండు రోజులు మాట్లాడుకోలేదు. మీ ఇంట్లో పుస్తకాల గురించి ఎలా మాట్లాడుకుంటారు?

మడతపేజీ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాకు పెళ్లయి 11 ఏళ్లు. ఇద్దరికీ పుస్తకాల పిచ్చే, కాకపోతే ఎవరి పిచ్చి వారిది. మావారు రైలు అందుకోవాల్సిన మనిషిలా చదువుతారు. వర్ణన వస్తే రెండు పేజీలు దాటేస్తారు, సంభాషణ కనపడితే ఆగుతారు. నాకు ఒక పేరా నచ్చిందంటే ఆ రోజుకి అక్కడే మకాం. ఆయన మార్జిన్లో పెన్సిల్‌తో గీస్తారు, నేను పేజీ మూల మడుస్తాను. పుస్తకమంటే మర్యాద లేదని ఒకరినొకరు తిట్టుకుంటాం.

ఇన్నేళ్లూ ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పడమే తప్ప కలిసి చదివింది లేదు. "బాగుంది", "సాగదీశాడు", "చివర్లో తేలిపోయింది"... మా అభిప్రాయాలన్నీ ఈ మూడు మాటల్లో ఇమిడిపోయేవి. ఈసారి ఇద్దరం ఒకే నవల ఒకేసారి చదువుదామని నేనే అన్నాను. బుద్ధి తక్కువై టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా' ఎంచుకున్నాను. భర్తని కాదని వ్రోన్‌స్కీ అనే ఇంకొకరిని ప్రేమించిన అన్నా కథ. 8 భాగాలు, 239 అధ్యాయాలు. ఎవరి ప్రతి వారిది.

మొదట్లో అంతా సరదాగానే ఉంది. నాకు బాగా నవ్వొచ్చిన చోటొకటుంది. అన్నా ఊరి నుంచి తిరిగొచ్చి స్టేషన్లో దిగుతుంది. ఎదురొచ్చిన భర్త కరేనిన్‌ని చూడగానే ఆమె మనసులో మెదిలే మొదటి మాట, ఈయన చెవులేంటి ఇలా ఉన్నాయి అని. ఇంకొంచెం ముందుకెళ్తే ఆయన మెటికలు విరుస్తుంటాడు, ఆ చప్పుడు ఆమెకి అస్సలు పడదు. మావారికీ ఆ అలవాటుంది. చదువుతూ చదువుతూ ఎడమచేతి చిటికెన వేలితో మొదలుపెట్టి పదీ పూర్తిచేస్తారు. నేను ఆ ముక్క పైకి చదివి వినిపించి పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వారు.

పది రోజుల తర్వాత, నా పుస్తకం పూర్తయిన రాత్రి, "పాపం అన్నా" అన్నాను. ఆయన తల కూడా తిప్పకుండా "కరేనిన్ తప్పేముంది?" అన్నారు.

"ప్రేమ లేని మనిషితో ఎన్నాళ్లని ఉంటుంది?" అన్నాను.

"లేదని నీకెలా తెలుసు? చూపించడం రానంత మాత్రాన లేనట్టేనా?"

అక్కడ నాకు ఎక్కడో కలుక్కుమంది. ఈయన కరేనిన్ గురించే మాట్లాడుతున్నారా అని. అడిగే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత రెండు రోజులు "తలుపు గడియ పెట్టారా", "ఆఁ పెట్టాను" తప్ప ఇంకో మాట లేదు.

మూడో రోజు అసలు సంగతి బయటపడింది. నవల్లో ఇంకో ముఖ్యపాత్ర, జమీందారు లెవిన్, రైతులతో కలిసి గడ్డి కోసే అధ్యాయాలు ఎంత బాగున్నాయో చెప్పబోతే, "ఎక్కడుందది?" అన్నారు. తీరా చూస్తే ఆయన చదివింది సంక్షిప్త ప్రతి. లోపలి పేజీలో చీమతలంత అక్షరాల్లో రాసుంది. ఆయన పుస్తకం అన్నా చావుతో అయిపోతుంది. నా దాంట్లో ఆ తర్వాత ఇంకో భాగం మొత్తం ఉంది. అంటే మేమిద్దరం రెండు వేర్వేరు పుస్తకాల మీద పోట్లాడుకున్నాం.

నవ్వుకున్నాం, మాటలు మొదలయ్యాయి. కానీ ఆ "తప్పేముంది" మాత్రం నా మనసులోంచి పోవట్లేదు. మీలో ఇద్దరూ చదివే ఇళ్లు ఉంటే చెప్పండి. పాత్ర గురించి అన్న మాట మనల్ని అన్నట్టు తగలకుండా ఎలా మాట్లాడుకుంటారు? లేక కలిసి చదవడమే మానుకోవాలా?

రెండోకూర్పు:

మేడమ్, సంక్షిప్త ప్రతి దగ్గర పగలబడి నవ్వాను, ఏమనుకోకండి. మా ఇంట్లో అచ్చం ఇదే గొడవ 'కన్యాశుల్కం' మీద జరిగింది.

నాకు తెలిసిందల్లా స్టేజీ మీద కుదించి ఆడినది. మా ఆవిడ పుస్తకం రెండుసార్లు చదివింది. నేను గిరీశం నాటకమంటాను, తను మధురవాణి నాటకమంటుంది. నాలుగు రోజులు సాగింది. చివరికి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. చదివాక నోరెత్తలేదు. తర్వాత తెలిసిందేంటంటే గురజాడ 1897లో అచ్చువేసిన నాటకాన్ని 1909లో దాదాపు తిరగరాసి బాగా పెంచారు, మధురవాణి అంత మనిషైంది ఆ రెండో కూర్పులోనే. ఒకే పేరుతో రెండు నాటకాలున్నట్టు లెక్క. నేను చూసింది ఆ రెండూ కాదు! అప్పట్నించి మా ఇంట్లో పుస్తకం మీద వాదన మొదలైతే మొదటి ప్రశ్న "నీది ఏ కూర్పు?"

మీరడిగినదానికి వస్తే, మేం చేసేది ఒకటుంది. చదవడం అయ్యాక ఎవరూ నోరు విప్పకూడదు. ఒక చీటీ మీద మూడు నాలుగు వాక్యాలు రాసి ఆ పుస్తకంలోనే పెట్టాలి. రెండు చీటీలూ పడ్డాకే తెరుస్తాం. ఎందుకంటే ముందు నోరు విప్పినవారిది అభిప్రాయమవుతుంది, రెండోవారిది దానికి జవాబైపోతుంది. మీరు "పాపం అన్నా" అనకుండా ఉంటే మీవారు కరేనిన్ని వెనకేసుకొచ్చేవారా? ఏమో, చీటీ మీద ఇంకేదైనా రాసేవారేమో.

చీటీల్లోనూ ప్రమాదం లేకపోలేదు లెండి. ఒకసారి మా ఆవిడ "ఇది నీకు నచ్చుతుందని యాభయ్యో పేజీలోనే తెలిసిపోయింది, అందుకే నాకు నచ్చలేదు" అని రాసింది.

వేరేషెల్ఫు:

ఒకే పుస్తకం ఇద్దరూ చదవాలని ఎవరు చెప్పారు? మేం పొరపాటున కూడా చదవం. ఆయనకి సైన్సు, నాకు అపరాధ పరిశోధన. రాత్రిళ్లు ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటాం. వినేవాళ్లు పుస్తకం చదవలేదు కాబట్టి గొడవకి ఆస్కారమే లేదు. నిజం చెప్పాలంటే ఆయన చెప్పిన పుస్తకాలు రెండు మూడు తర్వాత చదివాను, ఆయన చెప్పిందే బాగుంది.

మానేయండి అనే నా ఓటు.

పాతబైండు:

అమ్మా, మీవారి ప్రతి అన్నా చావుతో అయిపోయిందన్నారు. దానికి ఆయన చిన్నబుచ్చుకోనక్కర్లేదని చెప్పండి. ఈ నవల 1875 నుంచి 1877 దాకా 'రష్యన్ మెసెంజర్' అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆఖరి భాగం దగ్గర సెర్బియా యుద్ధానికి వెళ్తున్న రష్యన్ వాలంటీర్ల మీద టాల్‌స్టాయ్ రాసింది సంపాదకుడు కట్కోవ్‌కి మింగుడుపడలేదు. నాయిక చావుతో నవల ముగిసినట్టేనని ఒక నోటు వేసి, ఎనిమిదో భాగం వేయకుండా వదిలేశాడు. టాల్‌స్టాయ్ దాన్ని విడిగా అచ్చువేసుకోవాల్సి వచ్చింది. అంటే ఆ పత్రికనే నమ్ముకున్న పాఠకుల దగ్గరా మీవారి పుస్తకమే ఉంది.

ఇక భార్యాభర్తలు, పుస్తకాలు అన్నారు గనక. మీరు ఎంచుకున్న రచయిత ఇంట్లో జరిగింది వింటే మీ రెండు రోజుల మౌనం ఏ మూలకీ రాదు. 1862లో పెళ్లికి ముందు టాల్‌స్టాయ్ తన పాత డైరీలు తెచ్చి సోఫియా చేతిలో పెట్టాడు, దాపరికం ఉండకూడదని. ఆయనకి 34, ఆ పిల్లకి 18. అందులో ఆయన గడిపిన జీవితమంతా ఉంది. ఆమె చదివి కుమిలిపోయింది. ఆ సంఘటనే మీ నవల్లో లెవిన్ తను పెళ్లాడబోయే కిట్టీకి డైరీలు ఇచ్చే ఘట్టమైంది. అదే సోఫియా తర్వాత 'యుద్ధము-శాంతి' చిత్తుప్రతుల్ని మళ్లీ మళ్లీ చేత్తో శుభ్రప్రతి చేసి పెట్టింది. ఆయన మొదటి పాఠకురాలు ఆమే.

ఆ తర్వాత 'క్రూట్జర్ సొనాటా' వచ్చింది. అసూయతో భార్యని చంపిన మనిషి తన కథ చెప్పుకునే నవలిక. లోకమంతా అది వాళ్ల కాపురం గురించే అనుకుంది, ఆమెకీ అలాగే తగిలింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధిస్తే, 1891లో స్వయంగా రష్యా చక్రవర్తిని కలిసి ఆయన రచనల సంపుటాల్లో వేసుకునే అనుమతి తెచ్చింది కూడా ఆవిడే. ఆ అనుమతి తెచ్చిన చేత్తోనే దానికి జవాబుగా తనో నవలిక రాసింది. భార్య వైపు నుంచి. పేరు 'ఎవరి తప్పు?' రాసి దాచుకుంది. ఆమె బతికుండగా అచ్చు కాలేదు, 1994లో గానీ బయటికి రాలేదు.

మీవారు "కరేనిన్ తప్పేముంది" అన్నారని చదవగానే నాకు ఆ పేరే గుర్తొచ్చింది. మీరు రాసి దాచుకోకుండా ఇక్కడైనా అడిగారు, సంతోషం.

మడతపేజీ:

పాతబైండు గారూ, ఇదంతా నాకు తెలియదు. డైరీల ఘట్టం చదివినప్పుడు లెవిన్ ఎంత నిజాయితీపరుడో అనుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ మళ్లీ చదవాలనిపిస్తోంది.

రెండోకూర్పు గారూ, చీటీల ఐడియా బాగుంది. మావారికి చెప్తే "పరీక్షలా ఉంది" అన్నారు. వద్దనలేదు.

వేరేషెల్ఫు గారూ, మీ ఓటు లెక్కేశాను.

పదివేళ్లు:

నేనూ మెటికలు విరిచే మొగుణ్ణే, అందుకని ఒక మాట.

మీరు రాసినదాన్ని మళ్లీ చదివాను. గొడవ "తప్పేముంది" దగ్గర మొదలైందని మీరంటున్నారు. నాకైతే పది రోజుల ముందే మొదలైనట్టుంది. నవలలో భర్త మెటికలు విరిస్తే భార్యకి ఒళ్లు మండింది. మీరు ఆ ముక్క మీవారికి చదివి వినిపించి నవ్వారు. "ఆయనా నవ్వారు" అన్నారు. నేనున్నా నవ్వేవాణ్ణి. ఇంకేం చేస్తాం?

కోపగించుకోకండి, ఇంకొకటి. ఆ మెటికల సీను రెండో భాగంలో ఉంది, మళ్లీ తీసి చూడండి. రాత్రి అన్నా ఇంటికి ఆలస్యంగా వస్తుంది, కరేనిన్ మాట్లాడాలని కూర్చుని ఉంటాడు. వేళ్లు విరవబోతే, వద్దు, నాకు పడదు అంటుంది. ఆ సంభాషణలోనే, కొన్ని లైన్ల కిందే, నేను నీ భర్తని, నిన్ను ప్రేమిస్తున్నాను అంటాడతను. ఒక్క క్షణం ఆమె మొహం మెత్తబడుతుంది కూడా. మళ్లీ ఆ 'ప్రేమ' అనే మాటే ఆమెకి వెగటు పుట్టిస్తుంది. ప్రేమనేదొకటి ఉందని ఎవరి దగ్గరో విని ఉండకపోతే ఈయన ఆ మాట వాడేవాడే కాదు అనుకుంటుంది.

మీరు పైన ఆగి నవ్వారు. మీవారు కింద దాకా చదివారేమో.

అలాగని కరేనిన్ మహానుభావుడని నేననను. పరువు పోతుందన్న భయమే అతనికి సగం. కానీ నాలుగో భాగంలో, అన్నా పురిటి జ్వరంతో చావుబతుకుల్లో ఉన్నప్పుడు అతను చేసింది గుర్తుందా? వ్రోన్‌స్కీని క్షమిస్తాడు, తనది కాని పసిగుడ్డు కోసం రోజులో నాలుగైదుసార్లు ఆ గదికి వెళ్లి కూర్చుంటాడు. అతను పట్టించుకోకపోతే ఆ పిల్ల బతికేదే కాదు. సంక్షిప్త ప్రతిలో ఇది ఎంత మిగిలిందో మరి. ఒక్క వాక్యమే మిగిలి, దాని మీదే మీవారు ఆ మాట అని ఉంటే, మనిషిని బాగానే పట్టుకున్నట్టు.

వేరేషెల్ఫు:

చూశారా, అందుకే అపరాధ పరిశోధన చదవండి అంటాను. అక్కడ తప్పు ఎవరిదో చివరి పేజీలో చెప్పేస్తారు.

మడతపేజీ:

పదివేళ్లు గారూ, మీ రిప్లై చదివి మొదట కోపమొచ్చింది. నాలుగు లైన్లు ఘాటుగా టైపు చేసి చెరిపేశాను. తర్వాత ఆయన ఇంట్లో లేనప్పుడు ఆయన ప్రతి తీశాను.

మెటికల సీను సంక్షిప్త ప్రతిలోనూ ఉంది. వాళ్లు గడ్డి కోతని కోసేశారు గానీ దీన్ని వదిలేశారు. మీరు చెప్పిన లైను పక్కన మార్జిన్లో పెన్సిల్ గీత ఉంది. మావారు సాధారణంగా గీతతో పాటు ఏదో ఒకటి రాస్తారు, "అబ్బో", "నిజమా", "దండగ" లాంటివి. ఇక్కడ ఏమీ రాయలేదు. ఒట్టి గీత. అది నేను నవ్విన రోజుకి ముందు గీశారో తర్వాత గీశారో తెలుసుకునే దారి లేదు, అడిగితే తప్ప.

అడిగాను. ఇలా అడిగానని చెప్పడానికే మళ్లీ వచ్చాను. "ఆ గీత ఎప్పుడు గీశారు?" అంటే ఆయన కాసేపు చూసి, "నీది పూర్తి పుస్తకం కదా, ఇటివ్వు, చదివి చెప్తాను" అన్నారు. చెప్పకుండా తప్పించుకున్నారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఇప్పుడు నా ప్రతి ఆయన దగ్గరుంది. నేను మడిచిన మూలలన్నీ విప్పి సాపు చేస్తూ చదువుతున్నారు, అదో గొడవ. పేజీలు దాటేయట్లేదు, గమనిస్తున్నాను. నిన్నటికి నాలుగో భాగంలో ఉన్నారు. నేనింతవరకూ ఆ పుస్తకం గురించి ఒక్క మాట అనలేదు. చీటీ రాసి పెట్టుకున్నాను.

రాత్రి పక్కగదిలోంచి మెటికల చప్పుడు వినపడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది రాలేదు. "ఆపక్కర్లేదు" అని ఇక్కణ్ణించే అరిచాను.