రేస్ ట్రాక్ మీదకు అంబులెన్స్ వచ్చినప్పుడు రైడర్ ఏం చేయాలి?

ప్రశ్న: జయపురం రైడర్

అందరికీ నమస్కారం. మేము ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాము. మా బృందంలో కొందరం వచ్చే నెలలో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు మొదటిసారి ట్రాక్ డే (పందెం కాకుండా, మామూలు రైడర్లు రేస్ ట్రాక్ మీద తమ బండ్లు నడిపే రోజు) కోసం వెళ్తున్నాము. లెదర్ సూట్ గురించి, టైర్లలో గాలి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కానీ, నా సందేహానికి మాత్రం ఎవరూ సరిగా సమాధానం చెప్పలేదు.

సుంకి ఘాట్‌లో బండి నడిపే మాకు, వెనుక సైరన్ వినిపించగానే ఎడమకు జరిగి ఆగిపోవడం చిన్నప్పటి నుంచి చూసిన అలవాటు. కోరాపుట్ నుంచి విశాఖపట్నం ఆసుపత్రులకు రోగులను తీసుకెళ్లే అంబులెన్సులు ఆ ఘాట్ మీదుగానే పోతాయి. పైగా 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194-ఈ సెక్షన్ ప్రకారం, దారి ఇవ్వని వారికి పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ట్రాక్ మీద కూడా ఇదే పద్ధతి పాటించాలా? అంబులెన్స్ మా ముందు నెమ్మదిగా పోతుంటే దాటవచ్చా? పడిపోయినది మా మిత్రుడే అయితే ఆగి చూడవచ్చా? మా వాళ్లలో కొందరికి తెలుగు, ఒడియా తప్ప వేరే భాష అంతగా రాదు కనుక తెలుగులోనే వివరించగలరు.

సమాధానం: బరంపురం మార్షల్

జయపురం మిత్రులకు నమస్కారం. నాది బరంపురం. ఉద్యోగం చెన్నైలో ఉన్న కాలంలో సెలవు రోజుల్లో ట్రాక్ మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన జెండాలు చూపిస్తూ రైడర్ల భద్రత చూసే మనిషిగా, పని చేశాను. మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, అంచుకు జరిగి ఆగిపోకూడదు. రోడ్డు మీద అంబులెన్స్‌కు దారి ఇచ్చేది తోటి వాహనదారులు. ట్రాక్ మీద ఆ దారిని కంట్రోల్ గదిలో ఉన్నవారు, జెండాలు పట్టుకున్న మార్షళ్లు ముందే సిద్ధం చేసి, ఆ తరువాతే అంబులెన్స్‌ను కదలనిస్తారు. కాబట్టి ఆ డ్రైవర్ మీ నుంచి ఆశించేది దారి కాదు. మీరు ఎటు పోతారో, ఎంత వేగంతో పోతారో అతడు ముందుగానే ఊహించగలిగేలా మీరు నడపాలి. మీరు హఠాత్తుగా అంచుకు జరిగి ఆగితే, వెనుక మలుపు తిరిగి వస్తున్న రైడర్‌కు మీరే అడ్డుగోడ అవుతారు. పైగా అంబులెన్స్ పోవాలనుకున్నది సరిగ్గా ఆ అంచు మీదుగానే కావచ్చు.

ట్రాక్ డేలలో అంబులెన్స్ కదలవలసి వస్తే సాధారణంగా ఎర్ర జెండాతో సెషన్‌నే, అంటే ఆ విడత పరుగునే, ఆపివేస్తారు. ఎర్ర జెండా కనిపించగానే యాక్సిలరేటర్‌ను మెల్లగా వదిలి, వెనుకవారికి తెలిసేలా ఎడమ చెయ్యి పైకెత్తి, ఎవరినీ దాటకుండా, ఆగడానికి సిద్ధంగా ఉన్న వేగంతో పిట్ లేన్ (ట్రాక్ పక్కన బండ్లు ఆగే చోటుకు పోయే దారి) వరకు రావాలి. బ్రేకు ఒక్కసారిగా నొక్కకూడదు. ఎలాగూ సెషన్ పోయిందని ఆ మిగిలిన దూరాన్ని సరదాగా వేగంగా తిరిగి వచ్చేవారు కొందరు ఉంటారు. మార్షళ్లకు అన్నిటికన్నా ఒళ్లు మండించేది అదే, ఎందుకంటే ఆ సమయానికి మనవాళ్లు ట్రాక్ మీద కాలి నడకన ఉంటారు.

ఇక అంబులెన్స్ మీ ముందు నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్నా సరే, దాని వెనుకే బాగా దూరంగా ఉండాలి. అది ట్రాక్‌ను కొంత ఆక్రమించి ఆగి ఉన్నప్పుడు, మార్షల్ చేతితో పక్క చూపించి పొమ్మంటేనే, చూపించిన వైపు నుంచి నెమ్మదిగా పోవాలి. వెనుక తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, స్ట్రెచర్ ఏ వైపు నుంచి వస్తుందో మీకు కనిపించదు.

మిత్రుడి కోసం ఆగే విషయంలో మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆగకండి. మీరు ఆగితే మార్షల్ కాపాడవలసిన మనుషులు ఇద్దరవుతారు. పిట్‌కు వచ్చి నిర్వాహకులను అడిగితే మీ మిత్రుడి సంగతి మీకు చెప్తారు.

సమాధానం: రాయగడ ఆర్‌15

పై సమాధానంతో దాదాపు ఏకీభవిస్తున్నాను. ఒక్క చెయ్యి ఎత్తే విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పదలిచాను. మలుపు మధ్యలో బండి వాలి ఉన్నప్పుడు కొత్తవారు హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయడం మంచిది కాదు. బండి నిటారుగా అయ్యాక ఎత్తితే చాలు.

వేగం గురించి ఒక లెక్క చూడండి. మీరు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారనీ, అంబులెన్స్ 50తో పోతోందనీ అనుకుందాం. మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు దాదాపు 28 మీటర్ల చొప్పున తగ్గిపోతుంది. అంటే వంద మీటర్లు తరిగిపోవడానికి నాలుగు సెకన్లయినా పట్టదు. మలుపు తిరిగాక కదా అంబులెన్స్ కనిపించేది, అప్పుడు చూసుకుందాం అనుకునేవారికి ఆ సమయం చాలదు. అందుకే మలుపుకు ముందున్న మార్షల్ పోస్టులో ప్రమాదాన్ని హెచ్చరించే పసుపు జెండా చూసినప్పుడే వేగం తగ్గించాలి.

ఒకరు పడిన చోటనే మరొకరు పడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వారిని పడేసిన నూనె గానీ నీరు గానీ ఇంకా అక్కడే ఉంటుంది. 2018లో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో మోటోజీపీ (ప్రపంచ స్థాయి మోటార్‌సైకిల్ పందేలు) ప్రాక్టీసులో వాన నీటికి జారిపడిన రైడర్ టిటో రబాట్ ట్రాక్ పక్కనున్న కంకరలో ఉండగా, అదే చోట అదుపు తప్పిన మరో రైడర్ ఫ్రాంకో మోర్బిడెల్లి బండి వచ్చి ఆయనను ఢీకొంది. రబాట్ కాలి ఎముకలు విరిగాయి. మర్నాడు జరగవలసిన పందెం ట్రాక్ మీద నీరు నిలిచిన కారణంగానే రద్దయింది. కార్ల పందెమే అయినా, 2014లో జపాన్‌లోని సుజుకాలో జరిగినది ఇంకా దారుణం. అంతకు ముందు ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ ఒక చుట్టులో) పక్కకు పోయిన కారును తొలగిస్తున్న ట్రాక్టర్‌ను, రెండు పసుపు జెండాలు ఊగుతూ ఉండగానే, ఫార్ములా వన్ డ్రైవర్ జూల్ బియాంకి కారు ఢీకొంది. ఆయన 2015 జూలైలో మరణించారు. ఎర్ర జెండా లేదు కదా అని పసుపు జెండాను తేలికగా తీసుకోవద్దని ఇందుకే అంటున్నాను.

తిరుగు ప్రశ్న: జయపురం రైడర్

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక సందేహం. తెల్ల జెండా చూపిస్తే ట్రాక్ మీద నెమ్మదిగా పోయే వాహనం ఉన్నట్టు అని ఒక వీడియోలో విన్నాను. మా వాడొకడు అది బండి మార్చుకోవడానికి ఇచ్చే అనుమతి అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: బరంపురం మార్షల్

ఇద్దరిదీ నిజమే, వేరువేరు చోట్ల. ఫార్ములా వన్‌లో తెల్ల జెండా అంటే ముందు నెమ్మదిగా పోయే వాహనం ఉన్నదని అర్థం. మోటోజీపీలో వాతావరణం మారినప్పుడు బండి మార్చుకోవచ్చని అర్థం. తెలుపు మీద ఎర్ర క్రాసు ఉన్న జెండా సంగతి ఇంకా చిక్కు. మోటోజీపీలో ఆ క్రాసు ఏటవాలుగా ఉంటుంది, ఆ భాగంలో చినుకులు పడుతున్నాయని చెప్తుంది. అమెరికాలోని కొన్ని క్లబ్బులు మాత్రం తెల్ల జెండా మీద ఎర్ర క్రాసును అంబులెన్స్‌కు గుర్తుగా వాడతాయి. అందువల్ల వీడియోలను పక్కన పెట్టి, ఆ రోజు ఉదయం మీ నిర్వాహకుడు బ్రీఫింగ్‌లో ఏ జెండాకు ఏ అర్థం చెప్తే దానినే పాటించండి. బ్రీఫింగ్ ఇంగ్లీషులోనో తమిళంలోనో సాగితే, మొహమాటపడకుండా చెయ్యెత్తి, అంబులెన్స్ వస్తే ఏ జెండా చూపిస్తారో మళ్లీ చెప్పమని అడగండి. మీలో అర్థమైనవారు మిగతావారికి అక్కడే తెలుగులో చెప్పాలి.

పసుపు జెండా విషయంలో అంత గందరగోళం లేదు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య పోటీలలో ఒక పసుపు జెండా ఊపితే ప్రమాదం ట్రాక్ పక్కన ఉన్నదనీ, రెండు కలిపి ఊపితే ట్రాక్ కొంతగానో పూర్తిగానో మూసుకుపోయిందనీ అర్థం. రెండింటిలోనూ ఆకుపచ్చ జెండా దాటే వరకు ఎవరినీ అధిగమించకూడదు.

మోటోజీపీ మొదటి ల్యాప్‌లో బండ్ల గుంపు వెనుకే ఒక మెడికల్ కారు పరుగెత్తడం మీరు టీవీలో చూసే ఉంటారు. అందరూ దగ్గరదగ్గరగా ఉండే ఆ ల్యాప్‌లో పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి వైద్యులను వెంటే పంపుతారు. అది రైడర్ల వెనుక ఉంటుంది కనుక వారికి అడ్డు కాదు. దాన్ని చూసి, ట్రాక్ మీద వైద్యవాహనం ఉన్నా పందెం సాగించవచ్చని అనుకోవద్దు.

సమాధానం: పర్లాకిమిడి నర్సు

నేను బండి నడపను. మా తమ్ముడు నడుపుతాడు, నేను అత్యవసర విభాగంలో నర్సుగా పని చేస్తున్నాను. పడిపోయినవారి వైపు నుంచి కొన్ని మాటలు చెప్తాను.

పడ్డాక బండి, ఒళ్లు పూర్తిగా ఆగే వరకు లేవడానికి ప్రయత్నించవద్దు. ఆగాక, నడవగలిగితే ట్రాక్‌ను దాటకుండా దగ్గరి అడ్డుగోడ వెనక్కు పోవాలి. బండి లేపడానికి తిరిగి పరుగెత్తడం చాలామంది చేసే పని, దానిని మార్షళ్లకు వదిలేయాలి. మెడ నొప్పిగానో, కాళ్లు తిమ్మిరిగానో ఉంటే కదలకుండా పడుకోండి. హెల్మెట్‌ను మీరు తీసుకోవద్దు, సాయం పేరుతో మిత్రులను తీయనివ్వనూ వద్దు. మెడను పట్టుకునే మనిషి, హెల్మెట్ తీసే మనిషి వేరువేరుగా ఉండాలి, అది నేర్చుకున్నవారి పని. స్పృహ ఉంటే చెయ్యి కదిలించండి, దూరం నుంచి చూసే మార్షల్‌కు అది ఎంతో పనికివస్తుంది.

పిట్ దగ్గర ఉండే కుటుంబ సభ్యులకు కూడా ఒక మాట. అంబులెన్స్ నీడన కుర్చీలు వేసుకుని టిఫిన్ తినేవారిని, దాని దారికి అడ్డంగా స్కూటర్ నిలిపేవారిని మా వైపు మైదానాల్లో జరిగే మట్టి పందేలలోనూ చూశాను. ఎండ తట్టుకోలేకే అలా చేస్తారని తెలుసు కానీ, ఆ బండి వెనుక తలుపుల ముందు, అది బయటికి వెళ్లే గేటు ముందు ఎవరూ ఉండకూడదు. అంబులెన్స్ రోగితో ఆసుపత్రికి వెళ్లిపోతే, మరొకటి వచ్చే వరకు ట్రాక్ తెరవరు. అప్పుడు మా డబ్బులు పోతున్నాయని నిర్వాహకులతో గొడవకు దిగవద్దని మీ వాళ్లకు ముందే చెప్పండి. రక్తపు గ్రూపు, మందుల అలర్జీ, ఇంట్లో ఒకరి ఫోను నంబరు ఫారంలో ఖాళీగా వదలకుండా రాయండి, ఫోను నంబరు మీతోపాటు బండి మీద తిరిగే మిత్రుడిది కాకుండా చూసుకోండి.