రెండు ట్రాక్‌ల మధ్య వచ్చే ‘టక్’ శబ్దం ఎలా పోగొట్టాలి?

మాది హైదరాబాద్‌లో నలుగురం కలిసి నడుపుకుంటున్న ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్. లేబుల్ లేదు, మిక్సింగ్ కూడా మేమే. తొలి ఆల్బమ్ ఇంకో మూడు వారాల్లో విడుదల. రివ్యూలు రాసేవాళ్లకు ముందుగా ప్రైవేట్ లింక్ పంపుదామని ఒక మ్యూజిక్ సైటులో ఎక్కించాం, అక్కడే చిక్కు వచ్చింది.

మొత్తం 7 ట్రాక్‌లు. 3, 4 మధ్య విరామం లేదు. 7/8 తాళంలో ఆర్గాన్ నోట్ సాగుతుండగానే ట్రాక్ మారుతుంది. సరిగ్గా అక్కడ చిన్న ఖాళీ, వెంటనే ‘టక్’. ఫోన్‌లో, లాప్‌టాప్‌లో రెండింట్లోనూ అంతే. మా సాఫ్ట్‌వేర్‌లో వింటే మాత్రం శుభ్రంగా ఉంది.

44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాం. రెండు ట్రాక్‌లను విడగొట్టే కోతను వేవ్‌ఫామ్ (శబ్ద తరంగం గీత) సున్నా దాటే చోటికి మార్చాం. సీడీ ఫ్రేమ్‌కు (సీడీలో సెకనులో 75వ వంతు ముక్క) సరిపోయేలా 588 శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కకూ జరిపి చూశాం. ఫేడ్ (శబ్దాన్ని మెల్లగా తగ్గించి పెంచడం) పెడితే ‘టక్’ పోయింది గానీ నోట్ పడి లేచినట్టుంది, అది ఇంకా ఘోరం.

ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైలు మొదట్లో, చివర్లో కొంత నిశ్శబ్దం కలుపుతుందని తెలుసు. సైటు మా ఫైళ్లను ఎంపీ3గానే వినిపిస్తోంది, ఆ సెట్టింగ్ మా చేతిలో లేదు. రెండూ కలిపి 14 నిమిషాల ఒకే ట్రాక్ చేద్దామంటే మా గిటారిస్ట్ ససేమిరా అంటున్నాడు (4వదే మా సింగిల్, అంటే విడిగా విడుదల చేసే పాట మరి).

ఇలాంటి ఆల్బమ్ చేసినవాళ్లు చెప్పండి: ట్రాక్‌లు విడిగానే ఉంచి, ఈ ఖాళీ చెవికి తెలియకుండా ఉండాలంటే కోత పాటలో ఎలాంటి చోట పెట్టాలి?