“సాత్వికముతోను భయముతోను సమాధానము” – ఇక్కడ సమాధానమంటే జవాబా, శాంతా?

ప్రశ్న:

పేతురు మొదటి పత్రిక 3:15 పాత తెలుగు బైబిల్లో ఇలా ఉంది: “మీలో ఉన్న నిరీక్షణనుగూర్చి మిమ్మును హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి…” (నిరీక్షణంటే ఇక్కడ ఆశ.) వేరే నమ్మకాలవాళ్ళతో మర్యాదగా మాట్లాడండని క్రైస్తవ పెద్దలు చెప్పినప్పుడల్లా ఈ వాక్యం ఎత్తుతుంటారు. అలాంటి ప్రసంగం ఒకటి ఇంగ్లీషు నుంచి తెనిగిస్తున్నాను. అందులో ‘గౌరవం’ అనే అర్థమొచ్చే మాట ఉంది, మన బైబిల్లోనేమో ‘భయము’. గౌరవమని మార్చేయనా?

ఇంకో సందేహం. బైబిల్లో చాలాచోట్ల సమాధానమంటే శాంతి. “జవాబు చెప్పడమంటే శాంతి పంచడమే, పేతురు అందుకే ఈ మాట వాడాడు” అని ఒకాయన చెప్పగా విన్నాను. వినడానికి బాగుంది కానీ నమ్మబుద్ధి కాలేదు.

జవాబు:

రెండోది తేలిక, ముందు అది చూద్దామండీ. మీ అనుమానం సబబే. పేతురు వాడిన గ్రీకు మాట ‘అపొలొగియా’, అంటే విచారణలో నిలబడి తన పక్షం చెప్పుకోవడం. అపొస్తలుల కార్యములు 22:1లో పౌలు గుంపు ఎదుట “నేనిప్పుడు మీయెదుట చెప్పు సమాధానము నాలకించుడి” అంటాడే, అక్కడా అదే మాట. రోమా 12:18లోని “సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి” మాత్రం ‘ఐరేనే’ కుటుంబానికి చెందింది, అంటే శాంతి. గ్రీకులో ఈ రెంటికీ చుట్టరికం లేదు. తెలుగులో ఒక గొడుగు కిందికి చేరాయి, అంతే. దాన్ని పేతురుకి అంటగడితే తప్పు, తెలుగుకి దక్కిన లాభమని చెప్పుకుంటే ఒప్పు.

అయితే ఈ చేరిక గాలివాటున జరిగింది కాదు. సం, ఆ, ధా కలిస్తే సమాధానం: చెదిరినవాటిని ఒకచోటికి తెచ్చి కుదురుగా ఉంచడం. ‘సమాధి’ కూడా ఈ ధాతువు నుంచి పుట్టిందే. వేదాంతంలో శమం, దమం అంటూ లెక్కించే ఆరింటిలో సమాధానం ఒకటి, అక్కడది చిత్తం నిలకడ. శాస్త్రచర్చలో శంకను తీర్చేది సమాధానం. తగవు పడ్డవాళ్ళు సమాధానపడతారు. మనసైనా, శంకైనా, తగవైనా కుదుటపడటమే దీని పని. ‘జవాబు’ విసురుగా ఇవ్వొచ్చు, ‘బదులు’ తిట్టుకి తిట్టుగానూ చెప్పొచ్చు. అడిగినవాడి మనసులో ఏదీ కుదుటపడకపోతే దాన్ని సమాధానం అనడానికి నాకు నోరు రాదు. పరీక్ష పేపర్లో రాసేవాటి గొడవ వేరు.

మరొకరు:

తమిళ, మలయాళాల్లో ఈ మాటకి శాంతి అనే అర్థమే ముందు తడుతుంది. హిందీలో పరిష్కారం. తెలుగువాడికి మాత్రం మొదట తట్టేది జవాబు. యోహాను 20:19లో “మీకు సమాధానము కలుగును గాక” అని చిన్నప్పుడు మొదటిసారి చదివి, ఏ ప్రశ్నకి అని వెనక్కి పేజీలు తిప్పాను!

ఈ వాక్యంలో ‘హేతువు అడుగు’ కూడా చూడదగ్గదే. గ్రీకులో ‘లొగొస్’. మనవాళ్ళు తర్కంలో ప్రతిజ్ఞ (నిరూపించబోయే మాట) పక్కన కూర్చునే హేతువుని తెచ్చి పెట్టారు. ఇవాళ ‘హేతువు అడుగువాడు’ అంటే హేతువాది అనుకుంటారు. అతనికీ సాత్వికంగానే చెప్పాలన్నమాట, తప్పించుకునే దారి లేదు.

ప్రశ్న అడిగినవారు:

బాగుందండీ. మరి భయం సంగతి?

జవాబు:

ఇక్కడ తొందరపడకూడదు. మాట ‘ఫోబోస్’. భయం, భక్తితో కూడిన జంకు, మన్నన, ఇన్ని ఛాయలూ ఉన్నాయి. కానీ ఒక్క వాక్యం వెనక్కి వెళ్ళండి. 3:14లో “వారి బెదరింపునకు భయపడకుడి కలవరపడకుడి” అంటాడు, అదే మాట, అదే దాని క్రియ. మనుషుల భయం వద్దని చెప్పి, ఊపిరి తిప్పుకోకముందే మనుషులకు భయపడుతూ మాట్లాడమంటాడా? ఇంకా వెనక్కి వెళ్తే 2:17: “అందరిని సన్మానించుడి, సహోదరులను ప్రేమించుడి, దేవునికి భయపడుడి, రాజును సన్మానించుడి.” రాజుకి ఇచ్చిన క్రియనే అందరికీ ఇచ్చాడు, భయం ఒక్కటీ దేవుడికి విడిగా తీసిపెట్టాడు. అందుకని 3:15లో భయం దేవుడి ఎదుట ఉండేదని, అది ఎదుటిమనిషితో మాట్లాడే తీరులో కనపడేదని నా అభిప్రాయం. అలా కాదు, మనిషి పట్ల గౌరవమేననే పండితులూ ఉన్నారు, ఇంగ్లీషు అనువాదాలు కొన్ని ఆ దారిన పోయినవే.

మీ ప్రసంగీకుడు కూడా ఊరికే అనలేదు. ప్రపంచ చర్చిల మండలి, వాటికన్ మతాంతర సంవాద విభాగం, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి, ఈ మూడూ కలిసి 2011 జూన్‌లో బహుమత ప్రపంచంలో క్రైస్తవ సాక్ష్యం గురించి ఒక పత్రం వెలువరించాయి. నిరీక్షణకు కారణం చెప్పడం మృదువుగా, గౌరవంతో జరగాలని అందులో ఈ వాక్యాన్నే ఆధారం చేసుకున్నారు. ఇతరుల విశ్వాసాలను తెలుసుకోవడానికి, అర్థం చేసుకోవడానికి వినాలనీ, వాటిలో సత్యమైనదీ మంచిదీ ఉంటే ఒప్పుకోవాలనీ అందులో ఉంది. సిద్ధాంతాల్లో ఉత్తర దక్షిణ ధ్రువాలైనవాళ్ళు కూర్చుని ఒక్క పత్రం మీద ఒప్పుకోవడమే విశేషం. ఆ ఒప్పుదలకు 2:17 ఇంకా గట్టి ఆధారమయ్యేదని మాత్రం నాకనిపిస్తుంది.

మరొకరు:

నాకో అభ్యంతరం. మర్యాద, సాత్వికం అంటూ చివరికి అసలు మాట మింగేయమంటారు. తెలుగులో సాత్వికుడంటే ఎవరి జోలికీ పోనివాడనే కదా. లేదంటే ఉల్లి వెల్లుల్లి లేని భోజనం!

జవాబు:

మీరన్నది వాడుకలోని సాత్వికుడండీ, బైబిల్ తెలుగు సాత్వికుడు వేరు. సంఖ్యాకాండము 12:3 ప్రకారం భూమిమీది వారందరిలోకీ మిక్కిలి సాత్వికుడు మోషే. ఐగుప్తు రాజు ఫరో ముఖాన నిలబడి మాటకు మాట చెప్పినవాడు! ఆరవ పౌలు పోపు 1964 ఆగస్టులో సంవాదం గురించి రాసిన లేఖలో దానికి నాలుగు గుణాలుండాలన్నాడు. మొదటిది స్పష్టత. సాత్వికం దాని తర్వాతే వస్తుంది, ఆపైన నమ్మకం, వివేకం. మింగేసిన మాటకి స్పష్టత ఎక్కడిది? సాత్వికం దగ్గర ఆయన కాదన్నవి గర్వం, గుచ్చే మాట, చేదు.

మన తర్కశాస్త్రంలోనూ ఈ తేడా తెలుసు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా అవతలివాడిని పడగొట్టడానికి చేసేది వితండం. మూడింటిలో వాడుకభాషలో బాగా బతికి బట్టకట్టింది వితండమే, ఎందుకో మీరే ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు:

‘భయము’ తీయను. ‘భయభక్తులతో’ అంటాను, తెలుగులో భయానికి భక్తిని జతచేసే అలవాటు ఎలాగూ ఉంది, బెదురు అనుకోరు. ‘సాత్వికముతో’ బదులు ‘నెమ్మదిగా’ అంటే?

జవాబు:

వద్దు. నెమ్మది అంటే ఒకప్పుడు ప్రశాంతతే, ఇప్పుడు ‘నెమ్మదిగా చెప్పు’ అంటే మెల్లగా చెప్పమనో, గొంతు తగ్గించమనో అనుకుంటారు. ‘మెత్తగా’ అన్నా తంటానే, చేతకానివాడనే వాసన వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

సరే, సాత్వికమే ఉంచుతున్నాను. మోషే ముక్క పుట అడుగున గమనికగా పెడతాను. ‘సమాధానము’ దగ్గర మాత్రం ఏ గమనికా ఇవ్వను, చదివేవాళ్ళకి రెండు అర్థాలూ తోస్తే తోచనీ.