అవలోన్ దీవి గ్లాస్టన్‌బరీయేనా?

చర్చ ప్రారంభించినవారు:

కామ్లాన్ యుద్ధంలో గాయపడిన, బ్రిటన్ పాత గాథల నాయకుడైన ఆర్థర్ రాజును చికిత్స కోసం తీసుకువెళ్లారని చెప్పే అవలోన్ దీవి, ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతానికి చెందిన గ్లాస్టన్‌బరీయే అని నా అభిప్రాయం. అక్కడి గుట్ట చుట్టూ పూర్వం చిత్తడి నేలలు ఉండేవి. వరద వచ్చినప్పుడు అది దీవిలాగే కనిపించేది. పైగా 1191 ప్రాంతంలో అక్కడి క్రైస్తవ మఠంలో మఠవాసులు తవ్వితే ఆర్థర్ సమాధి, దానితోపాటు అవలోన్ పేరున్న సీసపు శిలువ బయటపడ్డాయి. ఆ శిలువను తాను చూశానని, చేతితో తాకానని వేల్స్‌కు చెందిన సమకాలిక రచయిత జెరాల్డ్ రాశాడు.

మొదటి స్పందన:

నేను అంగీకరించలేను. జెరాల్డ్ శిలువను చూశాడన్నది నిజమే కావచ్చు, కాని అది ఎంత పాతదన్నది వేరే ప్రశ్న. 1184లో ఆ మఠం అగ్నికి ఆహుతైంది. పునర్నిర్మాణానికి అండగా నిలిచిన ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ 1189లో మరణించాడు. తరువాత వచ్చిన మొదటి రిచర్డ్ ధ్యాసంతా క్రూసేడు (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధయాత్ర) మీదే ఉండేది. యాత్రికుల కానుకలు అత్యవసరమైన అటువంటి సమయంలోనే సమాధి దొరకడాన్ని యాదృచ్ఛికమని నేను నమ్మలేను. ఆర్థర్ తిరిగి వస్తాడన్న వేల్స్ ప్రజల ఆశకు ఆ ఎముకలు సమాధానంగా ఉపయోగపడ్డాయి కూడా: వేల్స్‌పై తన తొలి యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1278లో, మొదటి ఎడ్వర్డ్ గ్లాస్టన్‌బరీకి వచ్చి వాటిని ప్రధాన బలిపీఠం ముందు తిరిగి ఖననం చేయించాడు. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం విలియం ఆఫ్ మాల్మ్స్‌బరీది. గ్లాస్టన్‌బరీ మఠం చరిత్రను ప్రత్యేకంగా రాసిన ఆయనే, 1125 ప్రాంతంలో, ఆర్థర్ సమాధి ఎక్కడా కనబడదని స్పష్టంగా చెప్పాడు.

చర్చ ప్రారంభించినవారు:

అయితే 1191కి ముందే, ఆరవ శతాబ్దపు సన్యాసి గిల్డాస్ జీవితచరిత్ర రాసిన కారడాక్, ఆర్థర్ భార్యను మెల్వాస్ అనే రాజు అపహరించి గ్లాస్టన్‌బరీలోనే దాచాడని చెప్పాడు కదా? ఆర్థర్‌కూ ఆ ఊరికీ ఉన్న సంబంధం మఠవాసులు కల్పించినది కాదని దీనివల్ల తెలుస్తుంది.

మొదటి స్పందన ఇచ్చినవారు:

ఆ సంబంధం పాతదేనని ఒప్పుకుంటాను. కాని కారడాక్ ఆ ఊరిని అవలోన్ అనలేదు, అక్కడ ఆర్థర్ సమాధి ఉందనీ చెప్పలేదు. అవలోన్‌ను తొలిసారి పేర్కొన్న జెఫ్రీ ఆఫ్ మన్మత్ కూడా దానిని గ్లాస్టన్‌బరీతో కలపలేదు. 1150 ప్రాంతపు ఆయన కావ్యంలో అది దున్నకుండానే పంట పండే నేల, మనుషులు నూరేళ్లకు పైబడి బతికే చోటు. మోర్గెన్‌తో కలిపి తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు దానిని ఏలుతారు. సముద్రాలూ నక్షత్రాలూ ఎరిగిన బారింథస్ చుక్కాని పట్టి గాయపడిన రాజును అక్కడికి చేరుస్తాడు. చిత్తడి నేల మధ్యనున్న గుట్టను చేరడానికి అటువంటి నావికుడు ఎందుకు? దీనికి దగ్గరి పోలిక కావాలంటే వేల్స్ కథల్లోని గ్వాలెస్ దీవిని చూడాలి. ఆ కథల్లో బ్రిటన్ రాజైన బ్రాన్ తెగిన శిరస్సుతో అక్కడికి చేరిన ఏడుగురు, కార్న్‌వాల్ వైపు తలుపు తెరిచేదాకా, ఎనభై ఏళ్లు దుఃఖమే ఎరగక గడిపారు. ఆ గ్వాలెస్‌ను పెంబ్రోక్‌షైర్ తీరానికి ఆవల ఉన్న గ్రాస్‌హోమ్‌గా గుర్తించడం పరిపాటి. ఈ సంప్రదాయానికి చెందిన దీవిని సోమర్సెట్ మఠం ప్రాంగణంలో వెదకడం నాకు సమంజసంగా తోచదు.