కరెంటు పోయినా కథ పోని రోల్ ప్లేయింగ్ గేమ్ ఏది?

మాది కావలి. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 మొదలుకొని, వంతులవారీగా పోరాడే రోల్ ప్లేయింగ్ గేములంటే (ఒక పాత్రను నడిపిస్తూ కథలో ముందుకు సాగే గేములంటే) నాకు తీరని మక్కువ. రాత్రి భోజనమయ్యాక కాసేపు ఆడనిదే తోచదు. ఫైనల్ ఫాంటసీ 7లో ప్రపంచపటం మీద తప్ప మిగతా అంతటా నిర్దేశించిన చోట్లనే సేవ్ చేసుకోవాలి. వేసవిలో మా వీధిలో చెప్పాపెట్టకుండా కరెంటు పోతుంటుంది కనుక, ఎక్కడైనా, వీలైతే పోరాటం మధ్యలోనైనా సేవ్ చేసుకోగల గేము కావాలి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆడాలని ఉంది గానీ, దానికి 150 జీబీ స్థలమూ మంచి గ్రాఫిక్స్ కార్డూ అవసరం; నా పాత కంప్యూటరులో ఆ రెండూ లేవు. అదే సంస్థ 2017లో తెచ్చిన డివినిటీ ఒరిజినల్ సిన్ 2, ఎనిమిది జీబీ ర్యామ్ మాత్రమే ఉండి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రంలో సాఫీగా నడుస్తుందా? ఆడి చూసినవారు దయచేసి తెలుపగలరు. బటన్లు ఎడాపెడా నొక్కే యాక్షన్ గేములను మాత్రం సూచించవద్దని మనవి.